మధ్యలో జారిపోయిన బొమ్మలు

కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు కరీంనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అదే అడుగుతారు: "మేడం, లినక్స్ మీద ముందుగాల ఏం నేర్చుకోవాలె?" నేను కమాండ్ల పేర్లు చెబుతాననుకుంటారు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను మాత్రం, ముందు యంత్రం ఎదుట ఊరికే కూర్చోవడం నేర్చుకోండి అంటాను. దాన్ని వాడేవాళ్ళ పక్కన కూర్చోవడం ఇంకా ముందు నేర్చుకోండి అంటాను. వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. అర్థం కాలేదని నాకు తెలుసు. నాకూ అప్పట్లో అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పని

సర్కారు బడుల్లోనూ శిక్షణ కేంద్రాల్లోనూ లినక్స్ కంప్యూటర్లు పెట్టిన ఒక ప్రాజెక్టులో నేను మరమ్మతుల మనిషిని. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూ నావే. సంచిలో ఒక స్క్రూడ్రైవర్, గోడలకు రంగులు వేసే చిన్న బ్రష్షు, మెత్తటి పాత చీర ముక్క, రెండు పెన్‌డ్రైవ్‌లు. ఒక పెన్‌డ్రైవ్‌తో చచ్చిపోయిందనుకున్న యంత్రాన్ని లేపేదాన్ని. రెండోదాంట్లో మా యంత్రాలకు కావలసిన డ్రైవర్ ఫైళ్ళన్నీ ఉండేవి. ఊళ్ళలో ఇంటర్నెట్ మీద భరోసా పెట్టుకుంటే ఆ రోజు పని కాదు.

ఫిర్యాదులు ఎన్ని రకాలుగా చెప్పినా చివరికి రెండే. పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం లేదు. తెర సరిగా లేదు. మిగతావన్నీ ఈ రెండింటికీ చుట్టాలు.

ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు పక్కన ఉన్న శిక్షణ కేంద్రంలో రోజూ మధ్యాహ్నం తెర గడ్డకట్టినట్టు ఆగిపోయేది. అందరూ లినక్స్‌ను తిట్టారు. నేనూ ముందు సాఫ్ట్‌వేర్‌లోనే వెతికాను. దొరక్క, చివరికి డబ్బా విప్పాను. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను చుట్టూ దూది పిట్టగూడులా అల్లుకుపోయి ఉంది. ఆ కార్డుకు ఊపిరి ఆడటం లేదు, అంతే. బ్రష్షుతో దులిపితే ఆ దూది గదిలో లేచింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో నెమ్మదిగా, కింద పడాలా వద్దా అన్నట్టు తేలింది. టైపింగ్ నేర్చుకుంటున్న ఆడపిల్లలూ నేనూ అందరం పని మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఈ ఉద్యోగం తలుచుకుంటే ముందు నాకు ఆ ఎండ, ఆ దూది గుర్తొస్తాయి. ఆ తరవాతే మనుషులు.

మా సార్

మా ప్రాజెక్టు ఆఫీసరు నర్సింగరావు సార్. పెద్ద గొంతు, పెద్ద మనసు, తక్కువ ఓపిక. ఎక్కడైనా తెర నల్లబడితే ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "బొమ్మ వచ్చిందా? వస్తే అయిపోయినట్టే. ఇంకో ఊరు చూడు."

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆయన యంత్రాల మనిషి కాదు. మనుషుల మనిషి. ఏ డిపోలో ఏ కండక్టరుకు చెబితే ఏ ఊరికి సామాను చేరుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఏ బడిలో కరెంటు తీగ తెగినా ఫోన్‌లోనే లైన్‌మన్‌ను లేపి పంపేవాడు. కానీ ఒక యంత్రం ముందు గంటసేపు కూర్చోమంటే మాత్రం ఒళ్ళు మండిపోయేది. నాకు ఆయన మీద కోపం వచ్చిన రోజులున్నాయి. ఆయన లేకపోతే ఈ కథ ఇలా ముగిసేది కాదని తెలిసిన రోజూ ఉంది.

మాటలు లేని బడి

ఆదిలాబాద్‌లో వినికిడి లేని పిల్లల బడి ఒకటి ఉండేది. హాస్టల్ కూడా అందులోనే. అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు కలలో నడుస్తున్నట్టు అనిపించింది. ఆవరణ నిండా పిల్లలున్నారు, ఆడుతున్నారు, పోట్లాడుకుంటున్నారు, నవ్వుతున్నారు. అడుగుల చప్పుడు, నవ్వుల చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. గాలి నిండా చేతులు.

అక్కడి టీచరు రజిత. ఆమెకూ వినిపించదు. అదే బడిలో చదువుకుని అక్కడే టీచరయింది. బడిలో వంట చేసేది, పిల్లల్ని చూసుకునేది లచ్చవ్వ. సైగల భాష ఎవరూ నేర్పకుండానే పిల్లల మధ్య ఉండి ఉండి పట్టేసింది. రజితకూ నాకూ మధ్య మాట లచ్చవ్వ నోటిమీదుగానే నడిచేది.

రజిత ఒక మంచి పని మొదలుపెట్టింది. గూడేల నుంచి వచ్చే పిల్లలకు బడి సైగలు తెలియవు. ఇంట్లో తల్లీ పిల్లా కలిసి కల్పించుకున్న సైగలే తెలుసు. అన్నానికి ఒకటి, కడుపునొప్పికి ఒకటి, నాయనకు ఒకటి. ఆ సైగలు తెలిసింది ఇంట్లోవాళ్ళకే. అందుకని రజిత పిల్లల్ని తీసుకురావడానికి జీపులో వెళ్ళినప్పుడు బడి కెమెరా పట్టుకెళ్ళి, తల్లి చేసే సైగలన్నీ వీడియో తీసేది. బడికొచ్చాక కంప్యూటర్‌లో చూసి నేర్చుకునేది.

అప్పటికింకా మా చేతుల్లో బటన్ల ఫోన్లే. ఆ కెమెరా తీసిన వీడియో ఆడించగలిగింది ఆ బడిలో ఒక్క కంప్యూటరే.

చలికాలం మొదట్లో ఆ బడి నుంచి ఫిర్యాదు వచ్చింది, పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం లేదని. మామూలు ఫిర్యాదే అనుకుని పొద్దున్నే కరీంనగర్‌లో బస్సెక్కాను. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు. టేకు చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, బస్సును చూసి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోతున్నట్టుంది.

బడి గేటు దగ్గరే లచ్చవ్వ ఎదురొచ్చింది. ముఖంలో నిద్ర లేదు.

"మేడం, గా డబ్బీల మా పిల్ల మాట ఉన్నది. జర ఎట్లనన్న తీసియ్యి."

"ఏ పిల్ల?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. హాస్టల్ గదిలో కిటికీ ఊచలు పట్టుకుని ఐదారేళ్ళ పిల్ల నిలబడి ఉంది. పేరు సోంబాయి. ఉట్నూరు అవతల ఒక గోండు గూడెం. వచ్చి రెండు వారాలు దాటింది.

"పొద్దుగూకంగనే గా కిటికీ కాడికి పోతది. చెయ్యి గిట్ల పెడతది," అని లచ్చవ్వ బొటనవేలూ చూపుడువేలూ వంచి చూపించింది. "మల్ల గుండ్రంగ చేస్తది. మల్ల ఏడుస్తది. గా రోడ్డవతల జొన్నరొట్టెలు చేసే ఆమె బండి కనబడ్తది గదా, రొట్టె అడుగుతున్నదనుకున్న. చేసి పెట్టిన. ముట్టలే. బండి కాడికెల్లి కొనుక్కచ్చిన. అదీ ముట్టలే. అన్నం రెండు బుక్కలు తింటే గొప్ప. ఎండిపోతున్నది మేడం."

"ఇంట్లోవాళ్ళకు ఫోన్ చెయ్యలేదా?"

"చేసినం. గూడెంల సిగ్నల్ ఉండది. ఓపారి వాళ్ళ పెదనాయిన దొరికిండు. చెయ్యి గిట్ల తిప్పుతున్నది, గిట్లంటే ఏంది అని అడిగిన. గిట్లంటే ఎట్ల అన్నడు. ఫోన్ల ఎట్ల సూపెడుదు?"

పిల్లను తీసుకొచ్చిన రోజు రజిత కెమెరాను నడుస్తుండగానే మంచం మీద పెట్టి, బట్టల మూట జీపులో పెట్టడానికి వెళ్ళిందట. ఆ కాసేపట్లోనే తల్లి పిల్ల ముందు గొంతుక్కూర్చుని ఏదో చెప్పింది. రజిత తిరిగి వచ్చేసరికి చెప్పడం అయిపోయింది. ఏం చెప్పిందో కెమెరాకే తెలుసు. ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం లేదు.

తెరుచుకోని పెన్‌డ్రైవ్

ఏం జరిగిందని రజితను అడిగాను. ఆమె చేతులు గబగబా కదిలాయి. లచ్చవ్వ మాటల్లో పెట్టింది.

"కెమెరాల కార్డు నిండిందట. ఇంకో ఊరికి పోవాల్నని జీపు ఆగి ఉన్నదట. కార్డును కంప్యూటర్ల వెట్టి, అండ్ల నుంచి గా డబ్బీలకు ఎక్కిచ్చింది. తెర మీద గీత మొత్తం నిండింది, అయిపోయిందనుకొని పీకింది. కార్డు తుడిసేసింది."

గీత నిండింది. పని అయిపోయిందనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. లినక్స్‌లో పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసినప్పుడు, యంత్రం ముందు అదంతా తన జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్ మీదికి నింపాదిగా రాస్తుంది. మనకు తెర మీద అయిపోయినట్టు కనిపించే సమయానికి లోపల ఇంకా రాస్తూనే ఉండొచ్చు. అందుకే ఎజెక్ట్ నొక్కి, ఇక తీసుకోవచ్చు అని అది చెప్పేదాకా ఆగాలి. ఆ ఆగడం చాలామందికి చేతకాదు.

పెన్‌డ్రైవ్ పెట్టి, యంత్రం లోపల రాసుకునే సందేశాలు చదివాను. దాన్ని గుర్తుపడుతోంది. సైజు సరిగ్గా చెబుతోంది. అంటే ప్రాణం ఉంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పాడైంది.

అప్పుడే నర్సింగరావు సార్ ఫోన్.

"ఏమాయె సుశీలా మేడం?"

"పట్టిక దెబ్బతిన్నది సార్. లోపల ఫైళ్ళు ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటే ఉండకపోవచ్చు గూడ. ఫార్మాట్ కొట్టి ఇచ్చెయ్యి. మల్ల పోయి తీసుకుంటరు. రేపు మంథనిల తెర పోయింది, నువ్వు ఆడికి పోవాలె."

"ఈ వీడియో మళ్ళీ తీసేది కాదు సార్."

"సరె, పొద్దుగూకె దాంక చూడు," అన్నాడు.

పాడైన పెన్‌డ్రైవ్ మీద నేరుగా ఎన్నడూ పని చెయ్యకూడదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టుగా, పాడైన పట్టికతో సహా, హార్డ్‌డిస్కు మీదికి పూర్తి నకలు తీశాను. తరవాత పెన్‌డ్రైవ్ పీకి సంచిలో పెట్టుకున్నాను. ఇక చేసేదంతా నకలు మీదే. పట్టికను నమ్మకుండా, ప్రతి మూలా వెతికి, ఇది వీడియో మొదలులా ఉంది, ఇది ఫోటో మొదలులా ఉంది అని గుర్తుపట్టి బయటికి తీసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాన్ని నడిపి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇదే నేను చెప్పే కూర్చోవడం. ఆ మధ్యాహ్నం గదిలో ఫ్యాను తప్ప చప్పుడు లేదు. రజిత నా పక్కన, లచ్చవ్వ గడప మీద. బయట ఆవరణలో పిల్లలు చేతులతో ఏదో కథ చెప్పుకుంటున్నారు. వాళ్ళ నీడలు గోడ మీద పిట్టల్లా లేచి వాలుతున్నాయి. తెర మీద పేర్లు లేని ఫైళ్ళు ఒక్కొక్కటీ తేలుతున్నాయి. ఏ ఊరి పిల్లో, ఏ తల్లో. ఒకామె వడ్లు దంచినట్టు సైగ చేస్తోంది. ఒక ముసలాయన మీసం తిప్పి నవ్వుతున్నాడు. వాళ్ళంతా ఎక్కడికో పోయి తిరిగొచ్చినట్టనిపించింది.

పొద్దు వాలుతుండగా రజిత నా భుజం గట్టిగా పట్టుకుంది. తెర మీద వంకరగా ఒక నులకమంచం అంచు. దాని వెనుక, గుడిసె గుమ్మం ముందు, గొంతుక్కూర్చున్న తల్లి. ఆమె ఎదురుగా సోంబాయి.

రెండు ముక్కల చెయ్యి

నా పని అయిపోయిందనుకున్నాను. వీడియో నడుస్తోంది. తల్లి చెయ్యి ఎత్తింది, ఏదో చేసింది, దించింది. నాకు బాగానే కనిపించింది.

రజిత తల అడ్డంగా ఊపింది. మళ్ళీ పెట్టించింది. మళ్ళీ ఊపింది. లచ్చవ్వ కూడా ముందుకు వంగి చూసింది.

"ఏమంటున్నది లచ్చవ్వా?"

"రొట్టె తుంచి తిను అన్నట్టున్నది అంటున్నది. కానీ గట్ల కాదట."

రజితకు ఆ చెప్పడం సరిపోలేదు. గోడ మీది నల్లబోర్డు దగ్గరకు వెళ్ళి సుద్దముక్కతో రాసింది: 'చెయ్యి రెండు ముక్కలుగా ఉంది. మధ్యలో బొమ్మలు లేవు.'

వీడియోను ఆపి ఆపి చూశాను. నిజమే. ఒక గీత దగ్గర చెయ్యి తెగి ఉంది. మణికట్టు ఒక క్షణానిది, వేళ్ళు ఇంకో క్షణానివి. వంచిన వేళ్ళు ఉన్నాయి, వెంటనే గుండ్రం చేసిన చెయ్యి ఉంది. వంక నుంచి గుండ్రానికి ఎలా వెళ్ళిందో లేదు. ఆ వేగంలో నా కన్ను ఆ ఖాళీని తనే పూడ్చుకుని, బాగుందనుకుంది. నాకు అది ఒక వీడియో. ఆమెకు అది మాట. మాటలో సగం అక్షరాలు ఎగిరిపోతే నేనైనా ఊరుకుంటానా?

ఫైలు పాడైందేమోనని ముందు భయపడ్డాను. మిగతా వీడియోలు పెట్టాను. అన్నీ అంతే. రజిత లచ్చవ్వతో చెప్పించింది: వానాకాలం నుంచే ఇలా ఉందట. ఫిర్యాదు చేస్తే, బొమ్మ వస్తున్నది గదా అన్నారట.

సెట్టింగుల్లో చూస్తే కారణం దొరికింది. ఆ యంత్రం తన గ్రాఫిక్స్ చిప్పును అసలు వాడటమే లేదు. ప్రతి బొమ్మనూ ప్రాసెసరే తన చేత్తో గీసుకుంటోంది. అక్షరాలు చూపించడానికి అది చాలు. కదిలే బొమ్మలకు చాలదు. అందుకోలేక మధ్యలోవి వదిలేస్తుంది. ఒకటి సగం గీసేసరికి రెండోది మీద పడుతుంది.

ఎందుకు వాడటం లేదు? యంత్రం లేచేటప్పుడు చదువుకునే వరసలో ఒక మాట చేర్చి ఉంది, నోమోడ్‌సెట్ అని. నీ గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకు అని దాని అర్థం. వానాకాలంలో ఒక అప్‌డేట్ తరవాత తెర నల్లబడిందట. నర్సింగరావు సార్ పర్యటనలో ఉండి తనే ఆ మాట చేర్చాడు. బొమ్మ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు.

ఆ మాట తప్పు కాదు. చీకట్లో దారి వెతుక్కోవడానికి అందరం వాడతాం. కానీ అది పడిపోతున్న గోడకు పెట్టే కర్ర లాంటిది. కర్ర పెట్టి గోడ కట్టేశామనుకోకూడదు.

నల్లని తెర వెనుక

సార్‌కు ఫోన్ చేశాను. ఆ మాట తీసేస్తానన్నాను.

"తీస్తే మల్ల తెర నల్లగైతది. అప్పుడు?"

"కావచ్చు సార్."

"ఉన్నది గూడ పోతది గదా మేడం! నడుస్తున్నదాన్ని ఎందుకు కదుపుతవ్?"

"వాళ్ళకు నడుస్తలేదు సార్. మనకే నడుస్తున్నది."

ఆ వాక్యం నాలోంచి ఎలా వచ్చిందో తెలియదు. "నీ ఇష్టం," అని పెట్టేశాడు.

బయటికి తీసిన వీడియోలను ముందు రెండు చోట్ల దాచాను. యంత్రాన్ని మళ్ళీ లేపి, ఆ ఒక్కసారికి మాత్రమే ఆ మాట తీసేశాను. తెర నల్లబడింది.

నల్లని తెరలో మా ముగ్గురి ముఖాలూ కనిపించాయి, బావిలోకి తొంగి చూస్తున్నట్టు. లచ్చవ్వ "అయ్యో" అంది. కొత్తవాళ్ళు ఇక్కడే యంత్రం చచ్చిందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు. నొక్కకండి. తెర నల్లబడితే బొమ్మ గీసేవాడు పడిపోయాడనే అర్థం, యంత్రం కాదు. లోపల అది మెలకువగానే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్‌త్రీ మూడూ కలిపి నొక్కాను. కాసేపటికి నలుపు మీద తెల్లని అక్షరాలు మెల్లగా తేలాయి. పేరు అడిగింది. బొమ్మల గది వెనుక అక్షరాల గది ఒకటుంటుంది. నాకు ఉద్యోగమంతటిలో ఆ గదిలోకి అడుగుపెట్టే క్షణమంటేనే ఇష్టం.

లోపలి సందేశాలు చదివితే విషయం చిన్నదే. గ్రాఫిక్స్ చిప్పు లేచేటప్పుడు దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు ఒకటి లేదు. అప్‌డేట్‌లో పోయింది. నా రెండో పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెట్టాను. సార్ చేర్చిన మాటను ఈసారి పూర్తిగా తీసేసి యంత్రాన్ని మళ్ళీ లేపాను.

తెర వెలిగింది. రంగులు కడిగినట్టున్నాయి.

రజిత వీడియో పెట్టింది. తల్లి చెయ్యి ఆకాశం వైపు లేచింది. బొటనవేలూ చూపుడువేలూ సన్నగా వంగాయి, గోరంత వంక. ఆ వంక కొంచెం విచ్చుకుంది. ఇంకొంచెం. ఇంకొంచెం. అంత నెమ్మదిగా. రెండు చేతులూ కలిసి నిండుగా గుండ్రం అయ్యాయి. అప్పుడు తల్లి తన రొమ్ము తట్టుకుని, రెండు వేళ్ళను పిల్ల వైపు నడిపించింది.

లచ్చవ్వ లేచి నిలబడింది. "రొట్టె గాదు మేడం! సందమామ! పున్నానికి వస్తనన్నది తల్లి!"

రజిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి చేతులు తీసి లచ్చవ్వకు ఏదో చెప్పింది. లచ్చవ్వ దాన్ని నాకు చెప్పింది.

"పోయిన పున్నం పొయ్యినంక తెచ్చినం గదా పిల్లను. రోజు రోజుకు సందమామ ఆలస్యంగ లేసే దినాలు. పొద్దుగూకంగ కిటికీల సూస్తే ఏడుంటది? మొత్తానికే లేకుంట పాయె. అవ్వ రాదనుకున్నదేమో మేడం గీ పోరి."

అన్ని సాయంత్రాలూ ఆ పిల్ల రొట్టెల బండి వైపు చూడలేదు. దాని పైన ఖాళీగా ఉన్న ఆకాశంలో వెతికింది.

రజిత వెళ్ళి సోంబాయిని తీసుకొచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది. పడమర పలచటి ఎరుపులో, రేకుల కప్పు మీద, సన్నని నెలవంక. రజిత దాన్ని చూపించి తల్లి చేసినట్టే చేసింది. వంక. కొంచెం పెద్దది. ఇంకొంచెం. నిండు. రొమ్ము తట్టలేదు, దూరంగా కొండల వైపు చూపించి, రెండు వేళ్ళను నడిపించింది.

పిల్ల ఆ చేతులను చూసింది. రజిత ముఖంలోకి చూసింది. తన భాష వేరేవాళ్ళ చేతుల మీద మొదటిసారి చూస్తున్న ముఖం అది. తరవాత తనే మొదలుపెట్టింది, వంక, కొంచెం, ఇంకొంచెం. రజిత తలూపింది. మళ్ళీ చేసింది. రజిత మళ్ళీ తలూపింది. ఎన్నిసార్లో. లచ్చవ్వ ఎప్పుడు వెళ్ళిందో, జొన్నరొట్టె పట్టుకొచ్చింది. సోంబాయి ఒక పక్క కొరికి, మిగిలినదాన్ని ఆకాశంలోని వంక పక్కన ఎత్తి పట్టి, రెండింటినీ పోల్చి చూసి, ఇంకో పక్క కొరికింది.

పున్నం

పొద్దున లచ్చవ్వకు కొత్త భయం పట్టుకుంది. "పిల్లకు చెప్పినం. తల్లి రాకుంటె?"

పత్తి ఏరే కాలం. కూలికి ఎక్కడికి పోయిందో తెలియదు. నేను కరీంనగర్ చేరి సార్‌కు అంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన తన కుర్చీలో చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

"మధ్యల బొమ్మలు పోతున్నయని నాకు కనవడలే మేడం," అన్నాడు.

"నాకూ కనబడలేదు సార్."

తరవాత తనకు చేతనైన పని మొదలుపెట్టాడు. ఫోన్ తీశాడు. ఉట్నూరు డిపోలో ఒకాయన, ఆయన ద్వారా ఆ దారిలో తిరిగే కండక్టరు, అతని ద్వారా గూడెం దగ్గర చాయ్ హోటల్ మనిషి. ఒకటే మాట పంపాడు: సోంబాయి తల్లి భీంబాయికి చెప్పండి, బిడ్డ పున్నం కోసం చూస్తున్నది. ఇంకో పని కూడా చేశాడు. తన చేత్తో నోమోడ్‌సెట్ చేర్చిన యంత్రాలు ఇంకెన్ని బడుల్లో ఉన్నాయో తనే గుర్తుచేసుకుని, అన్నీ చూసి రమ్మని నన్ను పంపాడు. పున్నం రోజుకు ఆదిలాబాద్‌లో ఉండేలా నా తిరుగుడు తనే కుదిర్చాడు.

పున్నం సాయంత్రం హాస్టల్ కిటికీ పనికిరాలేదు. పున్నం చంద్రుడు తూర్పున వస్తాడు. లచ్చవ్వ పిల్లను చంకనేసుకుని ఆవరణలోకి తెచ్చింది. చందమామ బడి పక్కనున్న పత్తి మిల్లు గోడ మీదుగా, పత్తిలోంచి లేచినట్టు, పెద్దగా లేచింది. సోంబాయి చేతులు గుండ్రంగా చేసి గేటు వైపు తిరిగి కూర్చుంది.

ఉట్నూరు బస్సు వచ్చింది. భీంబాయి దిగలేదు. ఆఖరి బస్సూ వచ్చింది. దిగలేదు.

పిల్ల ఏడవలేదు. చూస్తూ చూస్తూ లచ్చవ్వ ఒళ్ళోనే నిద్రపోయింది. ఏడ్చింది లచ్చవ్వే. రజిత నా వైపు చూడలేకపోయింది, నేనూ ఆమె వైపు చూడలేకపోయాను. ఆ వీడియో బయటికి తీసి మంచి చేశామా, చెడు చేశామా అని మొదటిసారి అనుమానం వచ్చింది. పొద్దున వెళ్ళిపోవలసినదాన్ని, వెళ్ళలేకపోయాను. ఏదో ఒక యంత్రం విప్పి దులుపుతూ పగలంతా గడిపాను.

ఆ రోజు దీపాలు పెట్టే వేళ గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. చంకలో చిన్న పిల్లాడు, చీర కుచ్చిళ్ళకు పత్తి పోగులు. వీడియోలో చూసిన ముఖమే. లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఉంది.

లచ్చవ్వ ఎదురెళ్ళింది. సంతోషం కూడా కోపంగానే బయటికొచ్చింది. "నిన్న గదనే పున్నం! నిన్న రావాలె గాని, గిప్పుడా వచ్చుడు? పిల్ల పానం ఏమైతదనుకున్నవ్?"

భీంబాయి తల దించుకుంది. వచ్చీరాని తెలుగులో చెప్పింది. "నిన్న పత్తి కాంటా కాలే. సేటు పోనియ్యలే. బస్సు పోయింది." కళ్ళు తుడుచుకుంది. "తప్పయింది అక్కా. దినం తప్పిన."

సోంబాయి ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ చీరను రెండు చేతులా చుట్టేసుకుంది. ముఖం దాచుకుని చాలాసేపు అలాగే ఉంది. తల ఎత్తి చూస్తే తల్లి ఏడుస్తోంది, లచ్చవ్వ చేతులు ఊపుతూ కోప్పడుతోంది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎందుకో ఆ పిల్లకు అర్థం కాలేదు.

వచ్చి లచ్చవ్వ చెయ్యి పట్టుకుని లాగింది. ఆమెను తూర్పు వైపు తిప్పింది. మిల్లు గోడ మీద అప్పుడే లేస్తున్న చందమామను చూపించింది. తరవాత తన రెండు చేతులూ కలిపి, ఇదేమిటి మీకు కనిపించడం లేదా అన్నట్టు, గుండ్రంగా పట్టుకుంది.

లచ్చవ్వ చూసింది. నేనూ చూశాను. క్యాలెండర్లో ఏముంటే ఏం, ఆకాశంలో చందమామ గుండ్రంగానే ఉంది. ఆ తల్లి సరిగ్గా చెప్పిన రోజుకే వచ్చింది.